చిన్నోడికి, కుష్మా వంతెన గురించి

చిన్నా,

నేపాల్లో ముక్తినాథ్ నించి క్షేమంగా వచ్చీసేం, మోకాళ్లు కొంచెం పట్టేసేయి తప్ప నాకూ నాన్నకీ ఇంకే ఇబ్బందీ లేదు, నువ్వు కంగారు పడకు. దర్శనం బాగా అయింది, 108 ధారల కిందా తల పెట్టేం, ఆ చలి సంగతి నాన్న ఫోన్లో చెప్తారులే. నేను మాత్రం నీకు వంతెన గురించి రాయాలి, ఫోన్లో అయితే ఊ ఊ అనేసి పెట్టీస్తావు.

తిరిగి పోఖరా వస్తుంటే కుష్మా దగ్గర బస్సు ఆపేరు. ఇవతల పర్బత్ జిల్లా, అవతల బాగ్లుంగ్ జిల్లా, మధ్యలో కాళీ గండకి, అదే, మన దేవుడి గదిలో సాలగ్రామం ఉంది కదా, అవి దొరికే నది. ఆ లోయ మీద మనుషులు నడవడానికే కట్టిన వేలాడే వంతెన, 567 మీటర్ల పొడుగు, 2020లో తెరిచేరు. అప్పటికి ప్రపంచంలో వేలాడే నడక వంతెనల్లో ఇదే పొడుగైనదట, తర్వాత 2022లో చెక్ దేశం వాళ్లు 721 మీటర్లది కట్టేరనుకో. నది ఎక్కడో కింద, నూట ఇరవై మీటర్ల లోతున ఉంది.

మన బస్సులో చాలామంది దిగనేలేదు. నేను నాన్న చెయ్యి పట్టుకుని మొదలెట్టేను, పదడుగులు వేసేసరికి కాళ్ల కింద ఊగడం తెలుస్తుంది, పక్కన ఇనప జాలీ ఉంది కాబట్టి పడిపోం అని బుర్రకి తెలుసు గానీ కాళ్లకి తెలీదు కదా, మధ్యలోకి వచ్చేసరికి గాలి ఇంకా గట్టిగా కొట్టింది, నేను తాడు పట్టుకుని నించుండిపోయేను. అప్పుడే ఎదురుగా ఒక ముసలమ్మ, నుదుటికి పట్టీ వేసుకుని వీపున గంపెడు గడ్డి మోసుకుంటూ, మనం వీధిలో పాలకి వెళ్లినట్టు వెళ్లిపోయింది. ఆవిడ వెనకాల యూనిఫారాలేసుకుని బడి పిల్లలు, పరిగెట్టుకుంటూ. మేం ఫోటోలు తీసుకుంటున్నాం, వాళ్లకి అది ఊళ్లోకి దారి. ఇంతకు ముందు అయితే అవతలి ఊరు కళ్లెదురుగా కనిపిస్తున్నా లోయలోకి దిగి మళ్లీ కొండెక్కాలి, అదే ఇప్పుడు పది నిమిషాల నడక.

నువ్వు సివిల్ చదువుతున్నావు, నీకు నేను చెప్పక్కర్లేదు, అయినా గైడు కుర్రాడు చెప్పింది రాస్తాను. నదిలో ఒక్క స్తంభం లేదు చూడు. రెండు పక్కలా కొండలోకి కాంక్రీటు దిమ్మలు దింపి వాటికి ఇనప తాళ్లు బిగిస్తారట, నడిచేవాళ్ల బరువంతా తాళ్ల మీంచి ఆ దిమ్మలకి పోతుందట, ఇంక వరద ఎంతొచ్చినా కొట్టుకుపోడానికి నీళ్లలో ఏటుంటాది? ఆ దేశంలో చిన్నా పెద్దా కలిపి ఇలాంటివి వేలల్లో ఉన్నాయి, స్విట్జర్లాండ్ వాళ్లు ఎన్నో ఏళ్లు సాయం చేసేరట, రోడ్డు లేని ఊళ్లకి ఆ పొడుగు తాడుని జనం వరసగా నించుని భుజాల మీద మోసుకెళ్తారట. లారీ అక్కర్లేదు, క్రేను అక్కర్లేదు. ఆ ముక్క వినగానే నాకు గుండె పట్టేసింది.

ఎందుకంటే నేను సీతంపేట ఏజెన్సీలో ఏఎన్ఎమ్ నర్సుగా చేసినప్పటికి నువ్వు పుట్టలేదు. వానాకాలం గెడ్డ పొంగిందంటే టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఇవతలి గట్టున కూర్చునేదాన్ని, నీరు తీసినా తియ్యకపోయినా డబ్బాలో ఐసు కరిగిపోతుంది కదా. ఒకసారి అవతలి గట్టుకి డోలీలో ఒక సవర పిల్లని తెచ్చేరు, తొలి కానుపు, నొప్పులు మొదలైపోయేయి, వాళ్లు ఇటు రాలేరు, నేను అటు వెళ్లలేను. గట్టు మీంచి గొంతు పోయేలా అరిచి, ఇలగ పట్టుకోండి, బొడ్డు ఇక్కడ కట్టండి అని నేను చెప్తుంటే అవతల వాళ్ల అత్త కానుపు చేసింది. తల్లీ బిడ్డా బతికేరు. ఆ గెడ్డ ఎంత వెడల్పనుకున్నావు, కేకేస్తే వినపడేంత. ఇప్పటికీ ఏజెన్సీలో ఎక్కడో ఒకచోట డోలీ మోస్తున్నారని పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఆ పిల్ల మొహమే గుర్తొస్తాది.

567 మీటర్లు కట్టగలిగిన మనుషులున్నప్పుడు యాభై మీటర్లు ఎందుకు కాదు, ఇది నేను కోపంగా అడగడం లేదు నాన్నా, తెలుసుకుందామనే అడుగుతున్నాను. రోడ్డు బ్రిడ్జి అంటే చాలా డబ్బు, చాలా ఏళ్లు, నాకు తెలుసు. మనిషీ, డోలీ, ఒక మోటార్ సైకిలూ దాటితే చాలు కదా ముందు. మీ సార్ని అడుగు, మన కొండల్లో రాయి ఆ దిమ్మల్ని పట్టి ఉంచుతుందా, తాడుకి తుప్పు పట్టకుండా ఎన్నాళ్లకోసారి చూసుకోవాలి, ఊళ్లోవాళ్లకి ఆ పని నేర్పించొచ్చా. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు ఏం చెయ్యాలో తోచట్లేదన్నావు కదా మొన్న.

సంక్రాంతికి వచ్చినప్పుడు పెద్ద టేపు ఒకటి పట్టుకురా. భోగి అయ్యేక ఆ గెడ్డ దగ్గరికి వెళ్దాం, ఆ రోజుల్లో నీళ్లు తక్కువుంటాయి, గట్టు నించి గట్టుకి కొలుద్దాం. దారి నాకింకా గుర్తుంది.

అమ్మ