క్యాన్సర్ చికిత్సలో షుగర్ బాధ్యత ఎవరిది?

సంపాదకులకు,

మధుమేహం గురించి రాసినప్పుడల్లా మన పత్రికలు కళ్లు, కిడ్నీలు, గుండె, పాదాల దగ్గరే ఆగిపోతున్నాయి. టైప్ 2 మధుమేహం ఉన్నవారికి కాలేయం, క్లోమం, గర్భాశయ లోపొర క్యాన్సర్ల ముప్పు సుమారు రెట్టింపు లేదా అంతకంటే ఎక్కువనీ, పెద్దపేగు, రొమ్ము, మూత్రాశయ క్యాన్సర్ల ముప్పు కొంతమేర ఎక్కువనీ అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2010లోనే ఉమ్మడిగా నివేదించాయి. ఒంట్లో ఇన్సులిన్ మోతాదుకు మించి ఉండటం, ఊబకాయం ఇందుకు కారణాలు కావచ్చంటారు. ప్రోస్టేట్ క్యాన్సర్ మాత్రం వీరిలో తక్కువ. యాభై దాటాక కొత్తగా షుగర్ బయటపడి, దాంతోపాటే బరువూ తగ్గిపోతుంటే క్లోమాన్ని ఒకసారి పరీక్షించడం అవసరమా అని డాక్టరును అడగాలి.

నా అసలు ఫిర్యాదు చికిత్స గురించి. కీమోకు ముందు వాంతులు కాకుండా, కొన్ని మందులు వికటించకుండా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. దాని ప్రభావంతో భోజనం తర్వాత, ముఖ్యంగా మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు, షుగర్ బాగా ఎగబాకుతుంది. పరగడుపున చేసిన ఒక్క పరీక్ష చూసి ‘అంతా బాగుంది’ అనుకుంటే ఆ పెరుగుదల ఎవరి కంటా పడదు. కొందరికి ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి ఉసిగొల్పే చికిత్స) వల్ల అంతకుముందు లేని మధుమేహం హఠాత్తుగా వచ్చి, జీవితాంతం ఇన్సులిన్ తప్పనిసరి కావచ్చు. షుగర్ వల్ల ఇప్పటికే పాదాలు తిమ్మిరెక్కుతున్న రోగికి ప్యాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఇస్తే ఆ బాధ ఇంకా ముదరవచ్చు.

ఇక అపోహల సంగతి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర క్యాన్సర్‌ను అడ్డుకుంటుందన్న ఆశ చాలాకాలం సాగింది గానీ, మధుమేహం లేని మూడున్నర వేలకు పైగా రొమ్ము క్యాన్సర్ రోగులపై జరిపి 2022లో ఫలితాలు ప్రచురించిన పెద్ద ట్రయల్‌లో వ్యాధి తిరగబెట్టకుండా చూడటంలో దాని వల్ల ఒరిగిందేమీ లేదు. ఇన్సులిన్ వేసుకుంటే క్యాన్సర్ ముదురుతుందన్న భయంతో సూది మానేసేవారూ ఉన్నారు. గ్లార్జిన్ ఇన్సులిన్‌పై సుమారు ఆరేళ్లు సాగి 2012లో వెలువడిన ట్రయల్‌లో క్యాన్సర్ కేసులు పెరగలేదు. మందు మానేస్తే షుగర్ అదుపు తప్పి కీమోనే వాయిదా పడవచ్చు, ఇన్ఫెక్షన్లూ ఎక్కువవుతాయి.

ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు) తన పని కీమో అనుకుంటారు, షుగర్ డాక్టరుకు కీమో తేదీలే తెలియవు. ఈ మధ్యలో ఇన్సులిన్ మోతాదును సొంతంగా మార్చుకోవాల్సి వస్తున్నది రోగికి. ప్రతి కీమో ఫైలులోనూ సాయంత్రం షుగర్ రీడింగ్‌కు ఒక గడి, దాని బాధ్యత చూసే డాక్టరు పేరు, స్టెరాయిడ్ రోజుల్లో మోతాదు ఎంత మార్చాలన్న సూచన ఉండేలా ఆసుపత్రులు ఏర్పాటు చేయాలి.

ఇట్లు
ఒక పాఠకుడు