రక్తపరీక్షను దాని చోట ఉంచండి: కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారములు.

మన దేశంలో 2022లో సుమారు 1,27,000 మంది స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కొత్తగా వచ్చిందని, దాదాపు 80,000 మంది దానితో మరణించారని అంతర్జాతీయ అంచనా. ఇంతటి జబ్బును ఒక్క రక్తపరీక్షతో ముందే పట్టేయవచ్చన్న నమ్మకం ల్యాబుల ప్యాకేజీల ద్వారా వ్యాపిస్తున్నందున ఈ లేఖ రాస్తున్నాను.

ఈ క్యాన్సర్లలో అధికభాగమైన స్క్వామస్ రకానికి (ముఖద్వారపు పైపొర కణాల్లో పుట్టేది) రక్తంలో కొలిచే ఎస్‌సీసీ యాంటిజెన్ అనే ప్రోటీన్‌ను 1977లో జపాన్ పరిశోధకులు గుర్తించారు. కణితి పెరిగేకొద్దీ రక్తంలో దాని మోతాదూ పెరుగుతుంది కానీ, తొలిదశలో చాలామందికి మామూలుగానే ఉంటుంది. పైగా సోరియాసిస్, మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో క్యాన్సర్ లేకపోయినా పెరగవచ్చు. క్యాన్సర్‌గా మారక ముందు, ఏళ్ల తరబడి ముఖద్వారపు పైపొరలోనే ఉండి తేలిగ్గా నయమయ్యే మార్పుల జాడ రక్తంలో దాదాపు కనిపించదు. అందుచేత ‘నార్మల్’ అని వచ్చిన కాగితాన్ని చూసుకుని ముఖద్వారాన్నే చూసే అసలైన పరీక్షకు వెళ్లని స్త్రీకి మనం అపకారమే చేసినవాళ్లమవుతాము.

చికిత్స తరువాత మాత్రం రక్తపరీక్షకు నిజమైన విలువ ఉంది. జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే జరుగుతుంది. చికిత్సకు ముందు ఎక్కువగా ఉండి తగ్గిన యాంటిజెన్ మళ్లీ పెరిగితే, లక్షణాలు కనిపించక ముందే వైద్యుడు అప్రమత్తం కాగలడు. ఇంతకన్నా ఆశ కలిగించేది, ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ డీఎన్‌ఏ కణితి నుంచి రక్తంలోకి చేరినప్పుడు, దాన్ని అతి తక్కువ మోతాదులోనూ లెక్కించగల డిజిటల్ పీసీఆర్‌తో కొలిచే పద్ధతి. రేడియేషన్, కీమో ముగిశాక కూడా ఆ డీఎన్‌ఏ రక్తంలో ఇంకా కనిపించే స్త్రీలలో జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువని విదేశీ అధ్యయనాలు చూపాయి. రోగులు ఎక్కువగా ముదిరిన దశలోనే ఆసుపత్రికి చేరే మన దేశానికే ఈ పరిశోధన ముందుగా అవసరమని నా అభిప్రాయం.

ముందుగా పట్టుకోవడానికి ఆధారం మన దగ్గరే ఉంది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో లక్షా ముప్పై వేలమందికి పైగా స్త్రీలతో జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ముఖద్వారం నుంచి తీసిన నమూనాలో వైరస్‌ను వెతికే హెచ్‌పీవీ పరీక్షకు ఒక్కసారి పిలిచిన బృందంలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. నమూనాను స్త్రీ తానే తీసుకునే వీలు కూడా ఇప్పుడు ఉంది.

కాబట్టి ప్రభుత్వ ప్రాథమిక వైద్య కేంద్రాలైన ఆరోగ్య మందిరాల్లో స్వీయ నమూనాతో హెచ్‌పీవీ పరీక్షను విస్తరించాలని, చికిత్స పొందిన స్త్రీలకు వైద్యుడు సూచించినప్పుడు ఎస్‌సీసీ యాంటిజెన్ పరీక్ష జిల్లా ఆసుపత్రిలోనే ఉచితంగా అందేలా చూడాలని, హెచ్‌పీవీ డీఎన్‌ఏ రక్తపరీక్షపై భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో పలు కేంద్రాల్లో అధ్యయనం చేపట్టాలని, ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ పేరిట రక్తపరీక్షలను ప్రచారం చేయకుండా ల్యాబులకు స్పష్టమైన ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక స్త్రీవ్యాధుల వైద్యురాలు