ఆదివారం అందరం కలిసి కూర్చుందాం

మిత్రులారా, నమస్కారం. మొన్న వార్డులో పరకాల నుంచి వచ్చిన ఒక అవ్వకు ఇన్సులిన్ వేళైంది. చీటీలో మోతాదు సరిగ్గానే ఉంది. కానీ మంచం పక్కన ఇడ్లీ పొట్లం విప్పకుండానే ఉండటం నర్సింగ్ విద్యార్థిని గమనించింది. సూది ఆపి డాక్టరుగారిని పిలిచింది. తినకుండా ఇన్సులిన్ ఇస్తే చక్కెర ఎంత ప్రమాదకరంగా పడిపోతుందో మనందరికీ తెలుసు. ఆ పొట్లాన్ని చూసింది మాత్రం ఆమె ఒక్కతే!

మన వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందే వైద్యం, నర్సింగ్ కాలేజీలు రెండూ ఉన్నాయి. అయినా ఒకరి పాఠం ఒకరికి తెలియదు. వేర్వేరు వృత్తులవారు కలిసి, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది.

అందుకే మనం కలిసి నేర్చుకోవడాన్ని ఆదివారం ఉదయం 10 గంటలకు ఈ అవ్వ కేసుతోనే మొదలుపెడదాం. ఫార్మసీ వాళ్లు తప్పకుండా రండి, మందుల చీటీని మీరెలా చదువుతారో మాకు చూపించండి. ముందుగా ఆ నర్సింగ్ అమ్మాయినే మాట్లాడనిద్దాం.