ప్రావిడెన్స్ నుంచి అక్కకు

అక్కా,

ఇక్కడ అందరం బాగుండాము. నాయన మోకాలు రుయా ఆస్పత్రిలో చూపించినారా?

"అంత డబ్బున్న దేశంలో కూడా మత్తుకు పిల్లోళ్లు చస్తారా?" అని ఫోన్లో అడిగితివి. చస్తా ఉండారక్కా. 2022లో డ్రగ్స్ ఓవర్‌డోస్‌తో ఈ అమెరికాలో లక్షమందికి పైగా పోయినారు. ఎక్కువమందిని తీసుకుపోయింది ఫెంటనిల్ అనే మత్తుమందు, ఎక్కువైతే ఊపిరే ఆగిపోతాది. హెరాయిన్ కంటే 50 రెట్లు ఘాటు. వేరేదాంట్లో కలిపి అమ్మితే కొన్నవాడికీ తెలీదు.

మా రోడ్ ఐలండ్ 39 ఊర్ల చిన్న రాష్ట్రం. 2021లో బ్రౌన్ యూనివర్సిటీ, రాష్ట్ర ఆరోగ్య శాఖ కలిసి ఒక ప్రయత్నం మొదలుపెట్టినాయి. అంబులెన్సులు ఎక్కడెక్కడికి పోయినాయి, ముందు ఏ పేటల్లో చావులు జరిగినాయి, జనాభా లెక్కలు, ఇవన్నీ కంప్యూటర్‌కిచ్చి, రాబోయే రోజుల్లో ఎక్కడ ప్రమాదం ఎక్కువో ముందే లెక్క కట్టించినారు. కొన్ని ఊర్లకు ఆ మ్యాపులిచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా తేడా చూసే పద్ధతి.

మ్యాపు దారి చూపిస్తాది, అంతే. తలుపు తట్టాల్సింది మనిషే. శనివారాలు నేనూ ఒక సంస్థవాళ్లతో నలాక్సోన్ స్ప్రేలు పంచను పోతా ఉంటా. ఇట్లాంటి మత్తుకు ఊపిరి ఆగిపోతా ఉంటే తిరిగి తెప్పించే మందు అది. అరచేతిలో పట్టేంత వస్తువు. తల వెనక్కి వాల్చి, మొన ఒక ముక్కులో పెట్టి, బొటనవేలితో ఒక్కసారి నొక్కాలి. ఒక్క డోసే ఉంటాది, పనిచేస్తాదా అని ముందుగా నొక్కి చూడకూడదు. రెండు మూడు నిమిషాల్లో తెలివి రాకపోతే రెండోది ఇంకో ముక్కులో. లేచి కూర్చున్నా అంబులెన్స్ రావాల్సిందే. దాని పని 30 నుంచి 90 నిమిషాలే, తర్వాత మత్తు మళ్లీ కమ్మొచ్చు. లాండ్రీ షాపామె నాలుగు తీసుకొని గల్లా పక్కనే పెట్టుకొనింది.

నాకు నచ్చిందేమంటే, ఈ లెక్క వీధిని చూపిస్తాదే గానీ మనిషిని పట్టివ్వదు. పేర్లతో జాబితా పోలీసుల చేతికి పోతాదని తెలిస్తే జనం గడియ పెట్టుకొని ఒంటరిగా వాడతారు. ఒంటరిగా పడిపోయినోడికి స్ప్రే కొట్టేదెవరు?

మన తిరుపతిలో ఎక్కువగా వినపడేది గంజాయి. దానికి ఇట్లా ఊపిరి ఆగిపోదు కాబట్టి ఇక్కడి మ్యాపు అక్కడ అట్లే పనికిరాదు. అయినా కొర్లగుంటలో ఫీవర్ సర్వే చేసి, ఏ సందులో జరాలు మొదలైనాయో మొదట చెప్పేది నువ్వే కదా. మత్తు సంగతి కూడా అట్లే గమనించు. వీధి, నెల రాసుకో, పేరు మాత్రం వద్దు. 1972 అనే ఫోన్ నంబరు ఈగల్‌ది, అంటే మన రాష్ట్రంలో మత్తుమందుల్ని అరికట్టే పోలీసులది, అమ్మేవాళ్ల గురించి చెప్పేదానికి. మాన్పించేదానికి సలహా చెప్పే నంబరు 14446. ఏ తల్లైనా ఏడుస్తా నీ దగ్గరికొస్తే ముందు 14446 ఇవ్వు.

నీ తమ్ముడు