థైరాయిడ్ అతిగా పనిచేసినా జబ్బే

సంపాదకులు గారికి,

థైరాయిడ్ సమస్య అనగానే ఒళ్లు రావడం, నీరసం, మందకొడితనం మాత్రమే అందరికీ గుర్తుకొస్తాయి. అదే గ్రంథి అవసరానికి మించి హార్మోన్లు విడుదల చేసే హైపర్‌థైరాయిడిజం గురించి పత్రికల్లోనూ అంతగా రాయరు. అందువల్ల ఆ లక్షణాలున్నవారు చాలాకాలం వేరే జబ్బుల కోసం వెతుకుతూ తిరుగుతున్నారు.

ఆకలి బాగా వేసి, కడుపునిండా తింటున్నా బరువు తగ్గిపోతుంటే ముందుగా షుగర్‌ను అనుమానిస్తారు. అందులో తప్పు లేదు. అయితే దానితోపాటు కూర్చున్నచోటే గుండె దడదడలాడడం, పక్కవారు చలి అంటున్న గదిలోనూ చెమటలు పట్టడం, నిద్ర పట్టకపోవడం, రోజుకు పలుమార్లు విరేచనానికి వెళ్లాల్సి రావడం, ఆడవారిలో నెలసరి స్రావం తగ్గడం వంటివి కలిసి కనిపిస్తే థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాలి. చేతులు ముందుకు చాచి, వేళ్ల మీద పల్చని కాగితం పరిస్తే, మామూలుగా కంటికి ఆనని సన్నని వణుకు ఆ కాగితం అంచుల్లో తెలిసిపోతుంది. తొడ కండరాలు బలహీనపడి, మెట్లెక్కడానికీ కింద కూర్చుని లేవడానికీ చేతి ఆసరా అవసరమవుతుంది. దీన్ని మోకాళ్ల ఖాతాలో వేసేస్తుంటారు. కనుగుడ్లు ముందుకు పొడుచుకొస్తే మాత్రం గ్రేవ్స్ వ్యాధిని అనుమానించాలి. రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్‌ను రెచ్చగొట్టే ఈ వ్యాధిలో పొగతాగడం కళ్లకు మరింత చేటు చేస్తుంది.

పెద్ద వయసువారి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. వారిలో వణుకు, కంగారు లేకుండానే బరువు తగ్గి, ముభావంగా మారిపోవచ్చు; ఇంట్లోవారు వయసు మీదపడిందని సరిపెట్టుకుంటారు. ఈలోగా గుండె లయ తప్పితే, గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతానికి దారితీసే ప్రమాదం ఉంది.

ఇంతటి జబ్బును పసిగట్టడానికి మొదట కావలసింది నాడి చూడడం, రక్తంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ గ్రంథి హార్మోన్) పరీక్ష. సాధారణంగా టీఎస్‌హెచ్ బాగా తగ్గి, థైరాయిడ్ విడుదల చేసే టీ4, టీ3 హార్మోన్లు పెరిగి ఉంటాయి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే జబ్బు లేకపోయినా కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అవి ఫలితాన్ని ఇదే విధంగా తారుమారు చేస్తాయి.

దడ, ఆందోళన, నిద్రలేమి అంటూ వచ్చినవారిని, ముఖ్యంగా ఆడవారిని, "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అని నిద్రమాత్రలతో పంపేముందు వైద్యులు ఈ ఒక్క పరీక్ష రాయాలని కోరుతున్నాను. మీ ఆరోగ్య పేజీలోనూ ఈ లక్షణాలకు తగిన చోటు కల్పించగలరు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు