హార్న్ సెట్లకు డీఎస్పీ క్రాసోవర్: పెట్టించుకున్నోళ్లకు, అడుగుతున్నోళ్లకు

ముందుగాల అసలు సంగతి. మా దగ్గర డీఎస్పీ క్రాసోవర్‌తో (పాటను బేస్, పై శబ్దం అని విడగొట్టి వూఫర్‌కు అంటే బేస్ స్పీకర్‌కు ఒకటి, హార్న్‌కు ఒకటి పంపే డిజిటల్ బోర్డు) హార్న్ సెట్టు తీసుకున్నోళ్లు ఒక్కసారి హార్న్ వెనక డ్రైవర్ యూనిట్ (శబ్దం పుట్టించే ముక్క) దగ్గర చూడండి. ఆంప్ నుంచి వచ్చే వైరు నడుమ కండెన్సర్ లేకుండ నేరుగ యూనిట్‌కు పోతే, ఇయ్యాల్నే వాడకం ఆపి మాకు ఫోన్ చేయండి. మొదట్ల ఇచ్చిన సెట్లల్ల అది మేం పెట్టలే. డీఎస్పీలనే కటింగ్ (కింది ఫ్రీక్వెన్సీలను ఆపుడు) ఉన్నది కదా, మళ్ల కండెన్సర్ ఎందుకనుకున్నం. తప్పు మాదే. నల్లగొండల ఉన్నోళ్లకు ఇంటికొచ్చి పెడ్తం. దేవరకొండ, మిర్యాలగూడ, పాలమూరు దిక్కు వాళ్లకు సామాను పార్సిల్ చేస్తం, బిగించుడు ఫోన్‌ల చూపిస్తం. పైసలు ఏం వద్దు.

ఎందుకు కావాల్నో చెప్తం. కరెంటు పోయి వచ్చినప్పుడు డీఎస్పీ బోర్డు మళ్ల లేవాలె. లేచేటప్పుడు అది వదిలే టప్పుమనే దెబ్బకు ఏ ఫిల్టరూ అడ్డం ఉండదు. ఎవరన్న ల్యాప్‌టాప్ పెట్టి వేరే ప్రీసెట్ (దాచిన సెట్టింగ్) లోడ్ చేసినా, బేస్ పిన్ను హార్న్‌కు గుచ్చినా అదే కథ. హార్న్ తన కటాఫ్ (అది పనిచేసే కింది హద్దు) కింద గాలిని పట్టుకోదు, డయాఫ్రంకు (యూనిట్ లోపల ఊగే పలుచని రేకు) ముందట బరువు లేకుండ పోతది. అంతే శబ్దం రావాలంటే ఒక్కో ఆక్టేవ్ కిందికి, అంటే ఫ్రీక్వెన్సీ సగానికి పోయినకొద్ది డయాఫ్రం కదలిక 4 రెట్లు పెరగాలె. ఫేజ్ ప్లగ్‌కూ (డయాఫ్రం ముందటి బిరడ) డయాఫ్రంకూ నడుమ ఉండే సందేమో మిల్లీమీటర్ కూడ కాదు. ఒక్కసారి గుద్దుకుంటే చాలు, డయాఫ్రం పగుల్తది.

8 ఓమ్‌ల యూనిట్‌ను 800 హెర్ట్జ్ దగ్గర కట్ చేస్తే 47 మైక్రోఫారడ్, 16 ఓమ్‌లదయితే 22 నుంచి 25. పాలిప్రొపిలీన్‌ది, 250 వోల్టులది తీసుకోండి. ప్లస్ మైనస్ ఉండే మామూలు ఎలక్ట్రోలిటిక్ పనికిరాదు. 47 పెడితే దాని కటింగ్ 423 హెర్ట్జ్ దగ్గర పడ్తది, 800 దగ్గర 1 డీబీ తగ్గుతది, ఫేజు (శబ్దం అల తాళం) 28 డిగ్రీలు తిరుగుతది. ఈ రెండూ డీఎస్పీల సరిచేసుకోవచ్చు, అందుకని కండెన్సర్ పెట్టినంక సెట్టింగ్ మళ్ల చేయాలె. చేతికి దొరికిందని 10 మైక్రోఫారడ్‌ది పెట్టకండి. దాని కటింగ్ 2,000 హెర్ట్జ్ దగ్గర మొదలయితది, గొంతు పాటల నడుమ గుంత పడ్తది, అంటే ఆడ శబ్దం తగ్గిపోతది.

ఇగ, పాత తీరు కాయిల్ కండెన్సర్ క్రాసోవర్ ఎందుకు మానేస్తున్నరని అడిగేటోళ్లకు. 800 హెర్ట్జ్‌కు, 8 ఓమ్‌లకు, 12 డీబీ లింక్‌విట్జ్-రైలీ (ఒక తీరు ఫిల్టర్) లెక్క కడితే 12.4 మైక్రోఫారడ్, 3.2 మిల్లీహెన్రీ వస్తది. ఆ లెక్క యూనిట్ అన్ని ఫ్రీక్వెన్సీలల్ల 8 ఓమ్‌లే ఉంటదనుకొని కట్టింది. కంప్రెషన్ డ్రైవర్ (హార్న్ యూనిట్) అట్ల ఉండదు, ఒక చోట 8, ఇంకో చోట 30 చూపెడ్తది. కాగితం మీది క్రాసోవర్ పెట్టెల పెట్టంగనే మారిపోతది. అయినా లెవెల్, స్లోప్ (కటింగ్ ఎంత నిటారుగ ఉండాల్నో) ఎట్లనో కుదురుతయి. కుదరనిది టైం.

బేస్ డబ్బా మీద హార్న్ పెట్టి, రెండిటి మూతులు సమానంగ కనబడేటట్టు జరుపుతరు. చూపుకు అందంగ ఉంటది. కాని శబ్దం మూతి కాడ పుట్టదు, హార్న్ వెనక డయాఫ్రం కాడ పుడ్తది. డయాఫ్రం వూఫర్ కోన్ కన్న 45 సెంటీమీటర్లు వెనక ఉంటే, గాలిల శబ్దం సెకనుకు 343 మీటర్ల లెక్కన హార్న్ 1.31 మిల్లీసెకన్లు ఆలస్యం. 800 హెర్ట్జ్ ఒక చక్రమే 1.25 మిల్లీసెకన్లు! అంటే మొత్తం ఒక చుట్టు వెనకబడ్డట్టు. ఇది కొత్త బాధ కాదు. 1930లల్ల హాలీవుడ్ థియేటర్ స్పీకర్లల్ల బేస్ హార్న్ చాన పొడుగుండి, బూట్ల డ్యాన్స్ టకటక రెండు సార్లు వినబడేదట. ఎంజీఎం స్టూడియో కోసం చేసిన షీరర్ హార్న్‌ల ఆ పొడుగు తేడా తగ్గించిన్రు. తర్వాత అల్టెక్ కంపెనీ వాయిస్ ఆఫ్ ద థియేటర్ స్పీకర్ డబ్బాల వూఫర్‌ను లోపలికి జరిపి ముందట పొట్టి హార్న్ పెట్టింది కూడ కోన్, డ్రైవర్ దాదాపు ఒక వరుసల ఉండాలనే. మనం అదే పనిని డబ్బా కోయకుండ వూఫర్‌కు డిలే (ఆలస్యం) ఇచ్చి చేస్తం. 48 కిలోహెర్ట్జ్ బోర్డుల ఒక్కో శాంపిల్ (డిలే జరిగే ఒక మెట్టు) 7 మిల్లీమీటర్లు, 96లయితే మూడున్నర. అంత సన్నం చాలు.

డిలే టేపుతో కొలిచి పెట్టేది కాదు. టేపు మొదటి అంకె ఇస్తది, అంతే. రెండింటికీ 24 డీబీ లింక్‌విట్జ్-రైలీ 800 దగ్గర పెట్టి, హార్న్ పోలారిటీ తిప్పి (ప్లస్ మైనస్ తారుమారు చేసి), కూసునే చెవి ఎత్తుల 2 మీటర్ల దూరం మైకు పెట్టి స్వీప్ (కింది నుంచి పై దాక జారే టోను) కొట్టాలె. దాన్ని కొలిచే సాఫ్ట్‌వేర్ రూమ్ ఈక్యూ విజార్డ్ ఉచితమే. 800 దగ్గర గుంత పడ్తది. డిలేను ఒక్కో శాంపిల్ జరుపుకుంట పోతే గుంత లోతయితది. 25 డీబీ దాటి, రెండు పక్కలా సమానంగ ఉంటే కుదిరినట్టు. అప్పుడు పోలారిటీ మళ్ల సక్కగ చేయాలె (మరిసిపోయేటోళ్లు ఉన్నరు). జాగ్రత్త ఒకటే: ఒక పూర్తి చక్రం, అంటే 1.25 మిల్లీసెకన్లు తప్పిన చోట కూడ గుంత పడ్తది. అది వాలుగ, ఇరుకుగ ఉంటది, పక్కన ఇంకో గుంత కనబడ్తది. టేపు లెక్కకు దగ్గరున్న గుంతనే నమ్మాలె.

ఎండాకాలం మారుతదా అని అడుగుతరు. 40 డిగ్రీలకు శబ్దం 355 మీటర్లు పోతది. 45 సెంటీమీటర్లకు తేడా 0.04 మిల్లీసెకను. పట్టించుకోవద్దు. పట్టించుకోవాల్సింది ఏందంటే, దసరాకు సున్నాలేసేటప్పుడు హార్న్ దించి, మళ్ల పెట్టేటప్పుడు 5 సెంటీమీటర్లు ముందుకు పెట్టుడు. 800 దగ్గర 42 డిగ్రీలు పోయినట్టు. అందుకే ఇప్పట్నుంచి డబ్బా మీద హార్న్ కాళ్లకు గుర్తులు కొట్టి ఇస్తున్నం.

మాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది దేనికంటే సుయ్యిమనే శబ్దానికి. పాట లేనప్పుడు, రాత్రి ఫ్యాన్ బంద్ చేస్తే హార్న్ ఈల లెక్క వినబడ్తది. సెట్టు ఖరాబు కాలే, లెక్కనే అట్లున్నది. హార్న్ ఒక్క వాట్‌కు మీటర్ దూరంల 107 డీబీ ఇస్తది, వూఫర్ 97. పాత క్రాసోవర్‌ల ఆ 10 డీబీని రెసిస్టర్లు కాల్చేటియి, ఆంప్ సుయ్యిమనేది కూడ దాంట్లనే కాలిపోయేది. డీఎస్పీల 10 డీబీ తగ్గిస్తే పాట తగ్గుతది, బోర్డు అవుట్‌పుట్‌ల, ఆంప్‌ల పుట్టే శబ్దం తగ్గదు. సస్తా బోర్డు 100 మైక్రోవోల్టుల నాయిస్ ఇచ్చిందనుకోండి. 26 డీబీ, అంటే 20 రెట్లు పెంచే ఆంప్‌ల అది 2 మిల్లీవోల్టులు, హార్న్ ముందట మీటర్ దూరంల 44 డీబీ. సప్పుడు లేని ఇంట్ల అది పెద్ద శబ్దమే.

మందు పాతదే: ఆంప్‌కూ యూనిట్‌కూ నడుమ 10 డీబీ ప్యాడ్ (శబ్దం తగ్గించే రెండు రెసిస్టర్లు). 8 ఓమ్‌లకు సీరీస్‌ల 5.6 ఓమ్‌లది, యూనిట్‌కు అడ్డంగ 3.9 ఓమ్‌లది. ఆంప్, తర్వాత కండెన్సర్, తర్వాత ప్యాడ్, ఆఖరుకు యూనిట్, ఇదే వరుస. ఇట్ల పెడితే యూనిట్ ఇంపీడెన్స్ (ఓమ్‌ల లెక్క) ఎట్ల ఊగినా కండెన్సర్‌కు దాదాపు 8 ఓమ్‌లే కనబడ్తయి. సుయ్యి 10 డీబీ తగ్గుతది. ఇంకో లాభం, 50 వాట్ల ఆంప్ నిండ వాయించినా యూనిట్‌కు పోయేది 5 వాట్లే, కాల్చుదామన్నా కాలదు. 5 వాట్లకే మీటర్ దూరంల 114 డీబీ, ఇంటికి ఇంకేం కావాలె? మిగిలిందంత వేడి. 5.6 మీద ఎక్కువ పడ్తది, కాబట్టి 50 వాట్ల అల్యూమినియం బాడీది హీట్‌సింక్‌కు బిగించాలె, 3.9కు 25 వాట్లది చాలు. ఇన్ని పైసలు పోసి డీఎస్పీ తీసుకొని మళ్ల రెసిస్టర్లా అని ముఖం చిట్లించేటోళ్లుంటరు. వాళ్లకు ప్యాడ్ ముందు, ప్యాడ్ తర్వాత వినిపిస్తం.

ఫంక్షన్ హాలు వాళ్లకు ప్యాడ్ వద్దు, అక్కడ సుయ్యి వినబడదు, శక్తి కావాలె. అట్లయితే లిమిటర్ (హద్దు దాటనియ్యని డీఎస్పీ సెట్టింగ్) తప్పనిసరి. 20 వాట్ల యూనిట్‌కు 8 ఓమ్‌ల మీద 12.6 వోల్టులు, 26 డీబీ ఆంప్ అయితే డీఎస్పీ దగ్గర 0.63 వోల్టు. ఏడీఏయూ 1701 (డీఎస్పీ చిప్పు) బోర్డు నిండ ఇచ్చేది 0.9 వోల్టు, కాబట్టి లిమిటర్ మైనస్ 3 డీబీ దగ్గర పెట్టాలె. ఆంప్ వాల్యూం నాబ్ తిప్పితే ఈ లెక్కంత పోతది. అందుకే నాబులు ఫుల్‌ల పెట్టి సీలేస్తున్నం, కోపం చేయకండి. ఇన్‌పుట్ దిక్కు కూడ చూడాలె: ఆ బోర్డు 2 వోల్టుల దాకనే తీసుకుంటది, పెద్ద మిక్సర్ 7, 8 వోల్టులు కూడ ఇయ్యగలదు. కరకరమంటే హార్న్ పోయిందనుకొని విప్పుతరు, శబ్దం పగిలేది ఇన్‌పుట్‌ల. నాలుగో వంతుకు తగ్గించే ప్యాడ్ మిక్సర్ వైరుల పెట్టాలె.

డీఎస్పీ చేయలేనిది ఒకటున్నది, మార్చలేమని ముందే చెప్తున్నం. పాత తీరు హార్న్ చాన మటుకు పై ఫ్రీక్వెన్సీలను సన్నగ ముందుకే కొడ్తది. ఎదురుంగ కూసున్నోనికి మంచిగ వినబడ్తది, పక్క సోఫాల కూసున్నోనికి మబ్బు. ట్రెబుల్ పెంచితే పక్కోనికి కొంచెం బాగయితది, ఎదురుంగ ఉన్నోని చెవులు గిచ్చుతది. ఈక్వలైజర్ శబ్దం ఎంత అనేది మారుస్తది, ఎటు పోతదనేది మార్చదు. పెద్ద డయాఫ్రం యూనిట్ల 15 కిలోహెర్ట్జ్ దగ్గర 10 డీబీ పెంచమని అడగకండి. 10 డీబీ అంటే 10 రెట్ల పవర్, అక్కడ డయాఫ్రం కదలదు, కాయిల్ మాత్రం వేడెక్కుతది. అంత మెరుపు కావాలంటే పైన చిన్న ట్వీటర్ వేరే చానల్‌ల పెట్టుకోవాలె. గ్రాఫుల సన్నటి గుంతలు కూడ నింపం. గోడ నుంచి తిరిగొచ్చిన శబ్దంతోటి పడ్డ గుంత, ఎంత పోస్తే అంత మింగుతది.

కరెంటు సంగతి. బోర్డుకు పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ వాడకండి, వోల్టేజీ పడిపోయిన రాత్రి బోర్డు ఆగి లేస్తది. 100 నుంచి 240 వోల్టుల దాక పనిచేసే ఎస్ఎంపీఎస్ (మొబైల్ చార్జర్ తీరు) అడాప్టర్ కావాలె. స్పీకర్ లైన్‌ల 8 సెకన్లు ఆగి కలిసే రిలే (తనంతట తానే కలిసే స్విచ్చు) ఇకమీద ప్రతి సెట్టుకు పెడ్తం. వేసేటప్పుడు డీఎస్పీ ముందు, ఆంప్ తర్వాత. ఆర్పేటప్పుడు ఆంప్ ముందు. హమ్మింగ్ వస్తే ఫస్టు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. పోతే అది చార్జర్, ఎర్త్ దారిల వచ్చేది, సెట్టుది కాదు. స్పీకర్ వైర్లకు 4 పిన్నుల స్పీకాన్ (స్పీకర్ ప్లగ్) ఒక్కటే వాడుతున్నం, 1వ జత పిన్నులు బేస్‌కు, 2వ జత హార్న్‌కు. వేరే వేరే వైర్లయితే ఎన్నడో ఒకనాడు తారుమారయితయి.

అందరికీ డీఎస్పీ వద్దు. గుడి మీద, పంచాయతీ ఆఫీసు మీద ఉండే గొట్టం హార్న్‌లకు 100 వోల్టుల లైనే (దూరం దాక స్పీకర్లకు వేసే లైన్) సరిపోతది. మిక్సర్‌ల 300 హెర్ట్జ్ కింద కట్ చేస్తే యూనిట్లు ఎక్కువ రోజులు బతుకుతయి. రాత్రి 10 నుంచి పొద్దుగాల 6 దాక బయట మైకు వద్దనే 2000 సంవత్సరం శబ్ద కాలుష్య రూల్స్‌కు డీఎస్పీతో మినహాయింపేం రాదు. పాత క్రాసోవర్‌తో మంచిగ పాడుతున్న అసలు సెట్టు ఉన్నోళ్లు దాన్ని కదపకండి. కొత్తది పెట్టినా పాత క్రాసోవర్ పారేయొద్దు, అటకెక్కించండి. మేం కొనం, కొంటమని వచ్చేటోళ్లకు అమ్మకండి.

కొత్త ఆర్డర్లకు ఆలస్యం అయితది. కండెన్సర్ లేని సెట్లు ముందు పూర్తి చేస్తం. కోఠి గుజరాతీ గల్లీల 47 మైక్రోఫారడ్ పాలిప్రొపిలీన్ ఒక్కటే విలువల దొరకకపోతే 22, 25 రెండు పక్కపక్కన కలిపి పెడ్తం, పని అదే. సెట్టింగ్‌కు వచ్చినప్పుడు గదిల సామాను ఎప్పటి లెక్కనే ఉంచండి, ఊడ్చి ఖాళీ చేయకండి. రెండు పూటలు పడ్తది. కూలర్ బంద్ చేయాల్సొస్తది, అందుకని మే నెలల పొద్దుగాల 6 గంటలకే వస్తం.