గుమ్మడికాయ బీర్ కిట్: పోయినేడు జరిగిన పొరపాటు, ఈ ఏడు మార్చినవి

అందరికీ నమస్కారం. ఒహాయోలోని కొలంబస్‌లో, ఇంట్లో బీర్ కాచుకునే సామాను అమ్మే మన హోమ్‌బ్రూ షాపుకి వచ్చి కౌంటర్ దగ్గర నాతో తెలుగులో మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు, అందుకే ఈ సంగతి తెలుగులోనే రాస్తున్నాను. పోయినేడు ఫాల్‌లో నేను అమ్మిన గుమ్మడికాయ బీర్ కిట్ బాగాలేదు. మీరు కాచిన పద్ధతిలో తప్పేం లేదు, నేను కట్టిన మసాలా పొట్లంలోనే ఉంది.

నవంబర్‌లో ఒకాయన సీసా తెచ్చి కౌంటర్ మీద పెట్టి, "అన్నా, ఒక్కసారి వాసన చూడండి" అన్నాడు. మూత తీయగానే పంటినొప్పికి దూదితో పెట్టుకునే లవంగనూనె వాసన గుప్పుమంది. మాల్ట్ (బీర్‌కి వాడే, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) లేదు, దాల్చినచెక్క లేదు, అంతా లవంగమే. ఆదివారమంతా పొయ్యి దగ్గర నిలబడి 5 గ్యాలన్లు, అంటే దాదాపు 50 సీసాలు కాచుకున్న మనిషి ఆయన. ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధేసింది.

ఎక్కడ తేడా వచ్చిందో తర్వాత తెలిసింది. కిట్ అమ్మేముందు ఇంట్లో కాచి చూశాను, బాగానే కుదిరింది, కానీ ఆ రోజు వాడింది మా వంటింట్లో ఎప్పటి నుంచో ఉన్న, ఘాటు చచ్చిపోయిన లవంగాల పొడి. మీ పొట్లాల్లో కట్టింది అప్పుడే దంచిన పొడి. కొలత మాత్రం మార్చలేదు, ఒక టీస్పూన్. బిర్యానీలో అయితే నెయ్యి, ఉప్పు, మాంసం కలిసి ఆ ఘాటుని సర్దేస్తాయి, బీర్‌లో దాన్ని తట్టుకునేది ఏదీ ఉండదు.

ఈసారి మసాలాలు కలపకుండా విడివిడిగా ఇస్తున్నాను. 5 గ్యాలన్లకి దాల్చినచెక్క పొడి ఒక టీస్పూన్, శొంఠి, జాజికాయ అర టీస్పూన్ చొప్పున, ఆల్‌స్పైస్ పావు, లవంగం అందులో సగం. మరిగే చివరి 5 నిమిషాల్లో వేయండి, లేదా నన్నడిగితే ఇంకా మంచి దారి ఒకటుంది: అన్నీ కాస్త వోడ్కాలో వారం నానబెట్టి వడకట్టి, సీసాల్లో నింపే రోజు ముందు ఒక గ్లాసు బీర్‌లో చుక్కలు చుక్కలుగా వేసి రుచి చూసుకుని, ఆ లెక్కన మొత్తానికి కలపండి. తక్కువైతే ఇంకాస్త వేసుకోవచ్చు, ఎక్కువైతే తీయలేం కదా.

రెండో ఫిర్యాదు, మాష్ (వేడినీళ్లలో నానబెట్టిన మాల్ట్ ముద్ద) బిగుసుకుపోయి వోర్ట్ (దాన్నుంచి వచ్చే తీపి నీళ్లు) కిందికి దిగలేదని. గుమ్మడి గుజ్జు జిగురు, మాల్ట్ మధ్య సందుల్ని మూసేస్తుంది. ఈ ఏడు కిట్‌లో అర పౌను ఊక పెడుతున్నాను, మన వరి ఊకే. మాల్ట్‌తో పాటు కలిపేయండి, రుచికి ఏమీ కాదు.

డబ్బా గుమ్మడి కిట్‌లోంచి తీసేశాను, ఏ కిరాణాలోనైనా దొరుకుతుంది. లేబుల్ మీద గుమ్మడి తప్ప ఇంకేమీ ఉండకూడదు, పంప్కిన్ పై (pie) ఫిల్లింగ్ అని ఉంటే వద్దు, అందులో చక్కెర, మసాలా ముందే ఉంటాయి. కాయే కావాలంటే అక్టోబర్ మూడో బుధవారం సర్కిల్‌విల్‌లో పంప్కిన్ షో మొదలవుతుంది, 1903లో పుట్టిన పండగ, అటు వెళ్తే పై చేసుకునే చిన్న పంప్కిన్లు తెచ్చుకోండి. హాలోవీన్‌కి చెక్కే పెద్ద కాయల్లో నీరే ఎక్కువ. కోసి, అంచులు మాడు రంగు తిరిగేదాకా అవెన్‌లో కాల్చి వేయండి.

"ఇంత చేసినా గుమ్మడి రుచి తెలియట్లేదే" అని చాలామంది అడుగుతారు. తెలియదు మరి. అందులోని తీపిని ఈస్ట్ తినేస్తుంది, కాస్త చిక్కదనం, రంగు మిగులుతాయి. మాల్ట్ దొరకని బ్రిటిష్ వలస పాలన కాలంలో ఇక్కడివాళ్లు గుమ్మడిని రుచి కోసం కాదు, పులియడానికే వాడారు. మనం గుమ్మడి రుచి అనుకునేది పంప్కిన్ పైలో వేసే మసాలాదే, అందుకే ఆ పొట్లం విషయంలో ఇంత పట్టింపు.

థాంక్స్‌గివింగ్‌కి తాగాలంటే అక్టోబర్ మొదటి వారం దాటనివ్వకండి: పులియడానికి రెండు వారాలు, సీసాల్లో ఇంకో రెండు మూడు.

పోయినేడు కిట్ కొన్నవాళ్లకి కొత్త మసాలా పొట్లాలు, ఊక ఉచితం, రసీదు లేకపోయినా ఫర్లేదు. ఆ సీసాలు ఇంకా మిగిలి ఉంటే పారబోయకండి, ఇన్ని నెలల్లో లవంగం కాస్త తగ్గి ఉంటుంది, ఒకటి తెరిచి చూసి నాకు చెప్పండి.